మంచి చాకు ఎట్టిది?

తెలివిగల పిల్లవానిని మెచ్చుకొనవలసినప్పుడు తెలుగు ఉపాధ్యాయుని నోట తరచుగా వెలువడు మాట ఒకటి కలదు: “వీడు చాకులాంటి కుర్రవాడు.” బుద్ధికి పదును, మాటకు వాడి, పనిలో చురుకు ఆ ఒక్క మాటలో ఇమిడియున్నవి. కాని ఆ చాకులాంటి కుర్రవాని పుస్తకాల సంచిలో నిజమైన చాకు కనబడినచో అదే ఉపాధ్యాయుడు ఉలికిపడును. దానిని లాగుకొని బల్ల సొరుగులో వేసి, తండ్రికి కబురు పంపును. ఉపమానముగా పనికివచ్చిన వస్తువు ఉపకరణముగా పనికిరాకపోవుట వింతయే. ఈ వింత వెనుక ఒక భయమున్నది. ఆ భయములో కొంత న్యాయము కూడ ఉన్నది. అయినను వస్తువు మరుగుపడి, ఉపమానము మాత్రము మిగిలిన భాషకు కొంతకాలమునకు పదును తగ్గుననుట కూడ నిజము. అందుచేత జేబులో మడిచి పెట్టుకొను చాకు ఎట్టిదై యుండవలెను, ఏ లక్షణములు చూచి దానిని ఎన్నుకొనవలెను, ఎవరి చేతికి ఎప్పుడు ఇయ్యవలెను అను విచారము చిన్నదిగా తోచినను, బడిపంతుళ్ళకు, విద్యార్థులకు అక్కరలేనిది కాదు.

చాకు అను మాట పారసీకము నుండి ఉర్దూ ద్వారమున తెలుగునకు వచ్చినది. కత్తి మన మాటయే. కొడవలి, గొడ్డలి, కత్తిపీట మన ఇంటివే. అయినను చిన్నదై, మడిచినంతనే అణగి, చొక్కా జేబులో ఒదుగు సాధనమునకు జనులు చాకు అనియే పేరు నిలిపిరి. ఈ సాధనమునకు చదువుతో నున్న చుట్టరికము పాతది. తాటాకులపై వ్రాసిన కాలమున దక్షిణదేశపు లేఖకులు వాడిన గంటములలో కొన్నిటికి ఒక కొసన వ్రాయు మొనయు, రెండవ కొసన మడిచిపెట్టుకొను చిన్న కత్తియు ఉండెడివి. ఆ కత్తితో ఆకు అంచులు సరిచేసి, ఆ పిమ్మట మొనతో అక్షరము గీచెడివారు. రెల్లు కలముతో పారసీకము, ఉర్దూ వ్రాసినవారు కలము కొస చెక్కుటకు “కలమ్‌తరాష్” అను చాకును దగ్గర నుంచుకొనెడివారు. పక్షి ఈకతో వ్రాసిన ఇంగ్లీషువారు చిన్న చాకును నేటికిని “పెన్‌నైఫ్” అనియే పిలుచుచున్నారు; కలము చెక్కుట మానివేసి తరములు గడచినను పేరు మాత్రము పోలేదు. మన పల్లె బడిలో పెన్సిలు చెక్కుకొనుటకు చాకు, లేనిచో సగము విరిచిన బ్లేడు, నిన్న మొన్నటి వరకు ఉండెడివి. కావున మడతచాకును కేవలము వీధి రౌడీల ఆస్తిగా లెక్కించుట చరిత్ర నెరుగకపోవుటయే యగును. అది లేఖకుని చేతికి కూడ తోబుట్టువు.

ఈ విచారమునకు నస్పూరు తగిన ఊరు. గోదావరికి ఉత్తరమున, మంచిర్యాల ప్రక్కన, సింగరేణి బొగ్గుగనుల నడుమ ఉన్న ఊరిది. 1871లో ఇల్లెందు ప్రాంతమున విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గును గుర్తించుటతో ఆరంభమైన కథ, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపు దాల్చి, గోదావరి లోయ పొడవునను ప్రాకి, శ్రీరాంపూరు గనులతో నస్పూరును కూడ బొగ్గు ఊరిగా మార్చినది. 2016లో మంచిర్యాల జిల్లా ఏర్పడిన పిదప జిల్లా కార్యాలయముల సముదాయము కూడ ఇచ్చటనే వెలసినది. ఇచ్చటి పిల్లల తండ్రులలో పలువురు చేతి పనివారు: ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, టింబరు పనివాడు. కేబులు తీగపై తొడుగు ఒలుచుటకు ఎలక్ట్రీషియనుకు చాకు కావలెను. త్రాడు కోయుటకు, రబ్బరు పట్టీ కత్తిరించుటకు ఫిట్టరుకు కావలెను. గనిలోనికి దిగువాని జేబులు వెదకుట మైనింగు నిబంధనలలో నున్నది. కాని అచ్చట వెదకునది చాకు కొరకు కాదు, బీడీ కొరకు, అగ్గిపెట్టె కొరకు. మండు వాయువు పేరుకొనదగిన చోట అగ్గిపుల్లయే ఆయుధము. ప్రమాదము వస్తువులో లేదు. వస్తువునకును, చోటునకును, చేతికిని నడుమ నున్న సంబంధములో ఉన్నది. ఈ పాఠము బొగ్గుబాయి నేర్పినంత స్పష్టముగా మరియొకటి నేర్పలేదు.

ఇట్టి ఊరిలో ఒక ఉపాధ్యాయుడు తనకొక చాకు కొనవలెనని బయలుదేరినాడనుకొనుడు. ఆతనికి అంగడిలో మూడు తెరగుల చాకులు కనబడును. మొదటిది రోడ్డు ప్రక్క దుప్పటిపై పరచినది: రంగు రంగుల ప్లాస్టిక్కు పిడి, అద్దమువలె మెరయు రేకు, మీట నొక్కినంతనే విచ్చుకొను ఆర్భాటము. రెండవది గాజు పెట్టెలోనిది, లేక ఫోనులో బొమ్మ చూచి తెప్పించుకొనునది: విదేశపు పేరు, పదునెనిమిది పనిముట్లు, వాటిలో పదునారు ఏనాడును తెరువబడనివి. మూడవది అంగడిలో లేదు. ఊరి కొసన కొలిమి దగ్గర ఉన్నది. అది లారీ కమాను పట్టీ నుండి కమ్మరి సాగదీసినది. చూచుటకు నల్లగా, మొరటుగా నుండును. ఆ కొలిమి ముందర నిలిచిన ఉపాధ్యాయునికిని, ముసలి కమ్మరికిని నడుచు సంభాషణ ఇంచుమించు ఇట్లుండును.

“తాతా, ఇది గట్టిగ ఉంటదా?”

“లారీ కింద బరువు మోసిన పట్టీ సారూ. ఉత్తగ ఇరుగది.”

“మరి మెరుస్తలేదు గద?”

“మెరుసుడు ఏం పని సారూ? తెగుడు పని. నువ్వు వాడంగ వాడంగ అదే నునుపు తేలుతది.”

ఈ నాలుగు మాటలలో చాకు శాస్త్రము సగము ఇమిడియున్నది. మిగిలిన సగమును విడదీసి చూడవలెను.

చాకునకు ప్రాణము ఉక్కు. ఇనుములో కలిసిన కర్బనపు పాలు దాని స్వభావమును నిర్ణయించును. నూటికి పావువంతు కర్బనము మాత్రమే ఉన్న మెత్తని ఇనుము మేకులకు, కడ్డీలకు సరిపోవును గాని పదును నిలుపుకొనలేదు. లారీ కమాను పట్టీలో సుమారు అర నుండి 0.6 శాతము వరకు కర్బనము ఉండును. బాల్ బేరింగులకు వాడు ఉక్కులో సుమారు ఒక శాతము. కర్బనము హెచ్చిన కొలది గట్టిదనము హెచ్చును. గట్టిదనము హెచ్చిన కొలది పెళుసుదనము కూడ హెచ్చును. ఈ రెంటికి నడుమ సంధి చేయుటయే కమ్మరి విద్య. కాగి ఎర్రబడి, అయస్కాంతమునకు అంటని దశకు వచ్చిన ఉక్కును నూనెలో ముంచినచో అది గాజువలె గట్టిపడును. అంతటితో ఆపినచో క్రింద పడిన మాత్రమున విరుగును. అందుచేత దానిని మరల సుమారు రెండువందల డిగ్రీల వేడిమికి తెచ్చి, పైన ఎండుగడ్డి రంగు తేలునంతవరకు ఉంచి, మొండితనము తగ్గింపవలెను. తొందరపడి మొదటి మెట్టు మాత్రము నేర్చిన వారు గట్టి చాకు చేయుదురు. రెండవ మెట్టు నేర్చిన వారు మంచి చాకు చేయుదురు. శిక్షణలో కాఠిన్యము తరువాత కొంత మృదుత్వము అవసరమని ఉపాధ్యాయునికి వేరుగ చెప్పనక్కరలేదు.

కమాను పట్టీ ఉక్కును గూర్చి ఒక హెచ్చరిక కూడ న్యాయము. ఏండ్ల తరబడి వంగి లేచిన పట్టీలో కంటికి కానరాని బీటలుండవచ్చును. తెలిసిన కమ్మరి పట్టీని సుత్తితో తట్టి, శబ్దము విని, అనుమానమున్న భాగమును తీసివేయును. కొనువాడు కూడ అలుగును వెలుగులో త్రిప్పి చూచి, వెంట్రుకవంటి గీత కనబడినచో దానిని వదలివేయవలెను.

తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కు మాట వేరు. ఇంగ్లండులో షెఫీల్డు నగరమున 1913లో హ్యారీ బ్రియర్లీ రూపొందించిన ఈ ఉక్కులో క్రోమియము పాలు అధికము. చాకుల కొరకు వాడు రకములలో సాధారణముగా పదమూడు శాతము, ఆపైని. వానకాలమున తడిసినను, చెమట తగిలినను అది తొందరగా చెడదు. పండ్లు కోయుటకు అదియే మేలు. వేసవిలో పచ్చి మామిడికాయను కర్బనపు ఉక్కు చాకుతో కోసినచో ముక్క అంచు నల్లబడును, చాకు కూడ మచ్చలు దేరును. స్టెయిన్‌లెస్ చాకునకు ఆ బాధ లేదు. కాని చౌక రకపు స్టెయిన్‌లెస్ రేకు పదును నిలుపదు, సానకు లొంగదు. కర్బనపు ఉక్కు, పెరటి రాతిపైనను నాలుగు మారులు నూరినంతనే తేరుకొనును. కావున ఏ ఉక్కు మేలని అడుగుటకు ముందు ఏ పనికి అని అడుగవలెను. పండునకు తుప్పు పట్టనిది. కట్టెకు, త్రాటికి, పెన్సిలుకు కర్బనపుది. రోజూ తుడిచి, నెలకొకమారు చుక్క నూనె వేయు ఓపిక గలవానికి కర్బనపు ఉక్కు జీవితాంతపు చుట్టము. ఆ ఓపిక లేనివాడు స్టెయిన్‌లెస్‌నే ఆశ్రయించుట మంచిది.

మడతచాకునకు రెండవ మర్మము కీలు. మడచునట్టి ప్రతి వస్తువును మడత దగ్గరనే ఓడిపోవును. చాకును తెరచి అలుగును అటునిటు కదపి చూడవలెను. ఆడినచో అది కొన్నాళ్ళకే వదులగును. మూసినప్పుడు అలుగు రెండు చెక్కల నడుమ సరిగా మధ్యకు దిగవలెను. ఒకవైపు రాసికొనినచో పదును అచ్చటనే అరిగిపోవును. పిడిని దీపమునకు ఎదురుగ పట్టినప్పుడు స్ప్రింగునకును, లోపలి రేకునకును నడుమ వెలుతురు దూరరాదు. తెరచునప్పుడు మూసినప్పుడు వినబడు టక్కుమను చప్పుడు తేటగా నుండవలెను. తాళము లేక స్ప్రింగు బలముతోనే నిలుచు చాకు ఒక జాతి; తెరచిన తరువాత బిగిసికొని, వదలింపకున్న మడవని చాకు మరియొక జాతి. పెన్సిలు, పండు, కాగితము వంటి తేలిక పనులకు మొదటిది చాలును. బలముగా నొక్కవలసిన పనికి రెండవది అవసరము. లేనిచో అలుగు వెనుకకు మడచుకొని వ్రేళ్ళ మీద పడును. చాకు వలన కలుగు గాయములకు తరచుగా మూలము శత్రుత్వము కాదు, వదులు కీలు, మొద్దుబారిన అలుగు. మొద్దు చాకుతో పనిచేయువాడు అవసరమునకు మించి బలము పెట్టును. ఆ బలము జారినప్పుడు చేయి తెగును. పదునైన చాకే నిరపాయకరమైన చాకు అనుట వినుటకు వింతగా నున్నను వాడినవారెల్లరు ఎరిగిన సత్యము.

మూడవది పిడి. టేకు, ఇరుగుడు వంటి చేవ గల కొయ్యలు ఈ ప్రాంతపు అడవులకు కొత్త కావు. బర్రె కొమ్ము కూడ పనికివచ్చును. జింక కొమ్ము, ఏనుగు దంతము అందముగా నుండునని ఆశపడరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అట్టి వ్యాపారమునకు అడ్డుపడుచున్నది, పడుట న్యాయము. పిడి అరచేతిలో నిండవలెను, జేబులో బరువు కారాదు. మూలలు గుచ్చుకొనరాదు. తడిచేతిలో జారరాదు. చూచి మెచ్చుకొనిన పిడి వేరు, పావుగంట కట్టె చెక్కిన తరువాత మెచ్చుకొనిన పిడి వేరు.

నాలుగవది కొలత. జేబు చాకునకు మూడంగుళముల లోపు అలుగు చాలును. భారతదేశమున 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద ఏర్పడిన నిబంధనలు తొమ్మిది అంగుళములకు మించిన పొడవు గాని, రెండంగుళములకు మించిన వెడల్పు గాని గల కత్తులను, ఇంటి పనికి, వ్యవసాయమునకు, శాస్త్ర, పరిశ్రమల పనులకు చేసినవి తప్ప, ఆయుధముల లెక్కలో చేర్చినవి. జేబు చాకు ఆ హద్దునకు ఎంతో లోపల నుండును. అయినను చట్టము అనుమతించినదెల్ల ఔచిత్యము కాదు. పరీక్ష గదిలోనికి, విమానములోనికి చాకుతో పోరాదు. మీట నొక్కినంతనే విచ్చుకొను చాకును బ్రిటను 1959లోనే నిషేధించినది. అట్టి చాకు త్వరగా తెరచుకొనుట పని కొరకు కాదు, ఎదుటివానిని బెదరించుట కొరకు. పెన్సిలు చెక్కుటకు అంత తొందర ఎవ్వరికిని లేదు.

ఇక సొగసు మాట. గట్టిదనము ఒకటి, సొగసు మరియొకటి, రెండును కలిసిన చాకు అరుదు అని పలువురు తలతురు. ఈ తలంపు తప్పు. సొగసనగా పైపూత అని భ్రమించుట వలన ఈ తప్పు పుట్టినది. తాటిచెట్టు ఎక్కు గౌడు నడుమున వ్రేలాడు కత్తిని ఒక్కమారు చూచిన ఈ భ్రమ తొలగును. దానిపై చెక్కడము లేదు, పూత లేదు. కాని గెలను సన్నని పొరగా గీయుటకు తగినంత పలుచన, చెట్టుపై చేతికి భారము కానంత తేలిక, ఏటికేడు నూరినను అరిగిపోనంత దళసరి, ఈ మూడును కలిసినచోట ఒక వంపు తనంతట తానే ఏర్పడినది. ఆ వంపునే సొగసు అనవలెను. పద్యమున అనావశ్యకమైన విశేషణము వలె, చాకుపై అనావశ్యకమైన నగిషీ కూడ అలంకారము కాదు, బరువు. వేడుక కొరకు చేర్చినదానిని తీసివేసిన పిమ్మట మిగిలినది అందముగా నున్నదా లేదా అనునదే పరీక్ష.

లోకములో పేరుపొందిన చాకుల చరిత్రయు ఇదియే చెప్పుచున్నది. ఫ్రాన్సు దేశపు సవాయ్ కొండలలో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన మడతచాకు పల్లె రైతు కొరకు చేసినది: ఒక కొయ్య పిడి, ఒక అలుగు, ఒక కీలు. 1955లో దానికి త్రిప్పిన బిగియు ఒక ఉంగరము చేరినది. అంతకు మించి మార్పు దాదాపు లేదు. స్విట్జర్లండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో పనిశాల తెరచి, 1891లో తమ దేశపు సైనికులకు చాకులందించి, 1897లో మరింత తేలికయైన నమూనాను నమోదు చేయించెను. ఆతడు తల్లి విక్టోరియా పేరు తన వస్తువునకు పెట్టుకొనెను. తుప్పు పట్టని ఉక్కు వచ్చిన పిమ్మట ఆ ఉక్కు పేరులోని తునకను దానికి చేర్చిరి. “విక్టోరినాక్స్” అట్లు పుట్టినది. తల్లి పేరు పెట్టిన వస్తువును నాసిగా చేయుటకు ఎవనికి చేయాడును?

ఈ పేర్లు విని తెలుగు విద్యార్థి నోరు తెరచుటకు ముందు, తన గోదావరి ఎగువకు ఒకమారు చూపు సారింపవలెను. నస్పూరును తాకి పోవు ఆ నదికి ఎగువ ప్రాంతమున, నేటి నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రమను ఊరు కలదు. దానికి దగ్గరి మండల కేంద్రము పేరే కమ్మర్‌పల్లి. ఆ ఊరి మూసలలో కరగిన ఉక్కు ఒకనాడు పారసీక దేశమునకు ఖడ్గములై మెరయుటకు పోయినది. లాంబ్టన్ సర్వే బృందములో వైద్యుడును, భూగర్భ శాస్త్రజ్ఞుడునైన హెన్రీ వాయిసీ 1820 ప్రాంతమున ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వర్ణన, ఆతడు మరణించిన తరువాత 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఇనుప ముక్కలను మట్టి మూసలో పెట్టి, మూతకు మట్టి మెత్తి, బొగ్గుల కొలిమిలో గంటల తరబడి కాచి, మెల్లగా చల్లార్చిన ఆ ఉక్కులో ఒకటిన్నర శాతము వరకు కర్బనముండెడిది. తిత్తులు ఊదు చేతులకును, మూస మట్టిని ఎరిగిన వ్రేళ్ళకును తప్ప ఆ నిష్పత్తి మరెవ్వరికిని అందలేదు.

ఆ ఉక్కు పేరే ఐరోపా గ్రంథములలో “ఊట్స్” అయినది. తెలుగు, కన్నడముల “ఉక్కు” అను మాటయే నోట నోట మారి అట్లయినదని పండితుల అభిప్రాయము. 1795లో లండను రాయల్ సొసైటీలో జార్జి పియర్సన్ దానిని గూర్చి వ్యాసము చదివెను. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే, శస్త్రవైద్యుల కత్తులు చేయు జేమ్స్ స్టోడార్టుతో కలిసి, 1819 మొదలు కొన్ని సంవత్సరములు ఈ భారతీయపు ఉక్కు రహస్యము ఛేదింప ప్రయత్నించెను. విద్యుత్తుతో లోకము నూపిన ఫారడే తొలినాళ్ళ శ్రమలో దక్షిణదేశపు కమ్మరి చెమట ఉన్నదని మన భౌతికశాస్త్ర పాఠమున ఒక్క వాక్యమైన నుండిన ఎంత బాగుండును! 2010లో శారదా శ్రీనివాసన్, గిల్ జూలెఫ్, ఎస్. జైకిషన్ ప్రభృతులు ఉత్తర తెలంగాణపు పల్లెలలో తిరిగి, ఇనుప చిట్టెపు దిబ్బలను, మూస ముక్కలను వెదకి లెక్కించిరి. ఆ దిబ్బలపై ఆడుకొను పిల్లలకు అవి ఒట్టి రాళ్ళే.

కమ్మరి వీధిలో సూదులమ్ముట మూర్ఖత్వమని మన సామెత. నేడు ఆ సామెత తలక్రిందులైనది. కమ్మరి వీధిలోనే పరదేశపు సూదులు, పరదేశపు చాకులు అమ్ముడుపోవుచున్నవి. కమ్మరి కొలిమి చల్లారుచున్నది. 1856లో బెస్సిమర్ పద్ధతి వచ్చి ఉక్కు టన్నుల లెక్కన దొరకిన పిమ్మట మూస ఉక్కునకు కాలము చెల్లుట ఆశ్చర్యము కాదు. బొగ్గుగనుల ప్రాంతమున ఇనుమును ఎరిగిన చేతులకు వర్కుషాపు జీతము కొలిమి కంటె మేలుగా తోచుట కూడ తప్పు కాదు. బిడ్డలకు అన్నము పెట్టిన ఉద్యోగమును నిందించుట తగదు. విచారింపవలసినది వేరు. తండ్రి చేతిలో పనిముట్టు, కొడుకు చేతిలో పుస్తకము. ఈ రెంటి నడుమ రాకపోకలు ఆగిపోయినవి. ఫిట్టరు కొడుకు ఇంజినీరు కావలెనని కోరుట సంతోషమే. కాని ఆ ఇంజినీరు పట్టాదారునికి ఒక అలుగును నూరుట చేతకాకపోవుట సంతోషము కాదు.

గాంధీజీ 1937లో వార్ధాలో ప్రతిపాదించిన మౌలిక విద్యకు రూపము కల్పించిన సంఘమునకు అధ్యక్షుడు జాకీర్ హుసేను. ఆయన జన్మస్థలము హైదరాబాదు. చేతిపని ద్వారా చదువు చెప్పవలెనన్న ఆ ఆశయము కొంతకాలము బడులలో చేతిపనుల గంటగా మిగిలి, ఆ తరువాత ఆ గంట కూడ లెక్కల ట్యూషనునకు అర్పింపబడినది. నేటి బడిలో పిల్లవాడు ఉక్కు రసాయనమును నాలుగు మార్కులకు వ్రాయును; ఆ ఉక్కును ఏ వైపు త్రిప్పి నూరవలెనో ఎరుగడు.

ఇక్కడ తల్లిదండ్రుల పక్షమున ఒక ప్రశ్న రాక తప్పదు. “మీ ఉపన్యాసము బాగున్నది గాని, రేపు మా పిల్లవాడు కోపములో ఆ చాకును తోటివానిపై ఎత్తినచో ఎవరిది బాధ్యత?” ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. వార్తాపత్రికలు చదువువారికి ఈ భయమునకు ఆధారములు వెదకనక్కరలేదు. కావున పిల్లలందరు చాకులతో బడికి రావలెనని ఎవ్వరును చెప్పరాదు. బడిలోనికి తేవలసిన వస్తువు కాదది. కాని బడి నిషేధించిన వస్తువును ఇల్లును, బడి చేతిపనుల గదియు నేర్పకపోయినచో, ఆ పిల్లవానికి చాకును నేర్పు గురువు సినిమా తెరయే యగును. తెరపైని చాకు ఎప్పుడును పండు కోయదు, పెన్సిలు చెక్కదు. రాంపురీ చాకు అనగానే మన పిల్లల కన్నులలో ప్రతినాయకుని ముఖము మెదలుటకు కారణమిదియే. మంచి ఉపయోగమును చూడని కన్ను చెడు ఉపయోగమునే స్వభావమని నమ్మును.

దీనికి మార్గము కష్టమైనది కాదు. చాకులు బడి ఆస్తిగా నుండవలెను. లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసికొనవలెను. మొదట గుండ్రని మొన గల చాకులు. మొదటి పాఠము కోయుట కాదు, ఇచ్చుట: అలుగు మూసి, పిడి ఎదుటివాని వైపు త్రిప్పి ఇచ్చుట. రెండవ పాఠము తనకు ఎదురుగ గాక తననుండి వెలుపలికి చెక్కుట. మూడవది నూరుట: రాతికిని అలుగునకును నడుమ ఇరువది డిగ్రీల కోణము నిలిపి, రెండు ప్రక్కలను సమముగ, తొందర లేక. గణితము చెప్పు ఉపాధ్యాయునికి కోణమును నేర్పుటకు ఇంతకంటె మంచి సాధనము దొరకదు. కోణము తప్పినచో కాగితముపై ఎర్ర సిరా పడదు. చాకు తెగదు, అంతే. ఆ తీర్పులో పక్షపాతము లేదు, కోపము లేదు. విశ్రాంతి పొందిన ఫిట్టరులు, ఎలక్ట్రీషియనులు నస్పూరులో వీధి వీధినను ఉన్నారు. వారిలో ఒక్కరిని నెలకొకనాడు బడికి పిలిచి, పిల్లల ముందర ఒక అలుగును నూరుమని కోరిన, తమ తండ్రి తాతల చేతులలో ఎంత చదువున్నదో ఆ పిల్లలకు తెలియవచ్చును. ఆ చేతులు కలిగినవారికి కూడ, తాము తీసినది ఒట్టి బొగ్గు మాత్రమే కాదని తెలియవచ్చును.

ఇప్పుడు మొదట బయలుదేరిన ఉపాధ్యాయుని దగ్గరకు తిరిగి పోవలెను. మెరుపుల రేకును ఆతడు వదలుకొనుట మంచిది. అది రెండు నెలలకు చెత్తకుప్ప చేరును. పదునెనిమిది పనిముట్ల విదేశపు చాకు చెడ్డది కాదు. ప్రయాణములు ఎక్కువగా చేయువానికి అది పనికివచ్చును. కాని ఊరిలో ఉండి, రోజూ పండో పెన్సిలో సుతిలి త్రాడో కోయువానికి కమ్మరి చేసిన ఒక్క అలుగు చాకు సరిపోవును. కీలు బిగువుగ నున్నదో లేదో చూచి, అలుగును వెలుగులో పరికించి, పిడిని అరచేతిలో పట్టి, ధర బేరమాడక ఇచ్చి తెచ్చుకొనుట మేలు. బేరమాడవలసిన చోట్లు లోకములో చాల కలవు. చల్లారుచున్న కొలిమి వాటిలో ఒకటి కాదు.

ఆ చాకు ఏడాది గడచిన పిమ్మట మరియొక తీరుగ కనబడును. పిడిపై చేతి చెమట పట్టి కొయ్య ముదురు రంగు తిరుగును. నల్లని అలుగుపై మామిడి జాడలు, నిమ్మ జాడలు నీలి మబ్బులవలె తేలును. అంచు మాత్రము వెండి గీతవలె నిలుచును. ముసలి కమ్మరి చెప్పిన నునుపు అప్పుడు తేలును. అది అంగడిలో కొనదగిన సొగసు కాదు. చాకు సగమును, చేయి సగమును కలిసి చేసినది. అట్టి చాకును ఒకనాడు తన విద్యార్థి ముందు తెరచి, పెన్సిలు చెక్కి, మూసి, పిడి వైపు త్రిప్పి అందింపగల ఉపాధ్యాయుడే “చాకులాంటి కుర్రవాడు” అను మాటను అర్థము చెడకుండ పలుకగలవాడు.